ఫ్లూట్ మైకులో గొంతు

రికార్డింగు పనిలో ఉన్నవాళ్ళలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. పాముచెవులాయన అంటే చాలు, అందరికీ తెలుసు. గిటారు తీగ వెంట్రుకవాసి దిగినా పట్టేస్తాడు. పాడేవాళ్ళ గొలుసు చొక్కా గుండీకి తగిలినా చెయ్యెత్తి ఆపేస్తాడు. ఇంటి కింది భాగంలోనే స్టూడియో. గోడలకు మెత్తటి పలకలు, కిటికీకి రెండు పొరల అద్దం, రెండు పెద్ద స్పీకర్లు, వాటి ముందు శబ్దాలు సరిచేసే మీటల బల్ల. ఆ బల్ల ముందు కూర్చున్నాడంటే ఆయనకు లోకం పట్టదు.

ఆయన భార్య గాయని. గొప్ప పేరున్న గాయని కాదు, అలాగని ఎవరూ ఎరగని మనిషీ కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె పాడిన ప్రతి పాటా ఆయనే రికార్డు చేసేవాడు. తర్వాత ఆయనకు పని పెరిగింది, ఆమెకు సభలు పెరిగాయి. ఒకే కప్పు కింద ఉంటూ మెట్ల మీద ఎదురుపడి పలకరించుకునే స్థితికి వచ్చారు. ఇద్దరికీ అది పెద్ద లోటుగా అనిపించలేదు. సంసారం అంటే కొన్నేళ్ళకు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు.

ఆ ఏడాది గ్రంథాలయం వాళ్ళు కొత్త భవనం కట్టుకుని, ఒక సాయంత్రం అక్కడ ఆమె చేత పాడించారు. ఆయన ఆ రోజు వేరే ఊళ్ళో పని ఒప్పుకున్నాడు. వెళ్ళలేకపోయాడు. హాల్లో మైకులు చూసుకునే మనిషే ఒక్కో మైకునూ విడివిడిగా రికార్డు చేసి పెట్టాడు. వీడియో ఎవరూ తీయలేదు. పాటలు బాగుచేసి ఇస్తే సభ్యులకు పంచుకుంటామని గ్రంథాలయం కార్యదర్శి అడిగితే, ఇంట్లో మనిషి పాటే కదా అని ఆయన సరేనన్నాడు.

ఒక ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మొదటి పాట పెట్టాడు. పరిచయం చేసినాయన గొంతు స్పీకర్లు చీల్చేలా ఉంది. దాని వెనకాలే వచ్చిన ఆమె గొంతు అందులో సగం లేదు. చప్పట్లు రేకుల మీద వడగళ్ళలా పడ్డాయి. ఇవన్నీ మామూలే. జనం ముందు పాడిన పాట ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉంటుంది. మనిషి కదులుతుంది, మైకుకు దగ్గరవుతుంది, దూరమవుతుంది. హెచ్చినచోట తొక్కి, తగ్గినచోట లేపే యంత్రం ఒకటుంది. దానికి అప్పగిస్తే పని చిటికెలో అయిపోతుంది గానీ, పాట రోడ్డు రోలరు కింద పడ్డట్టు చదునైపోతుంది. అందుకే ఆయన చేత్తోనే సరిచేస్తాడు. పాట వింటూ, వేలితో మీటను పైకీ కిందికీ జరుపుతూ, మాట మాటకూ.

రెండో చరణం దగ్గర ఆయన వేలు ఆగింది.

ఫ్లూట్ ఒక్కటే కాసేపు వాయించాక ఆమె చరణం ఎత్తుకోవాలి. ఎత్తుకుంది గానీ గొంతు ఉన్నట్టుండి లోతుకు జారిపోయింది. ఒక పంక్తి అయ్యాక మళ్ళీ పైకి వచ్చింది. వెనక్కి తిప్పి విన్నాడు. ఊపిరి చాలకపోవడం కాదు, జంకు కాదు, మైకు చెడిపోవడమూ కాదు. గొంతు అదే బలంతో ఉంది, మైకుకే అందడం లేదు. అంటే మొహం పక్కకు తిప్పింది. మూడో చరణం దగ్గరా అంతే. తర్వాతి పాటలోనూ అంతే. ఫ్లూట్ ముగిసి ఆమె అందుకునే ప్రతి చోటా అదే జారుడు.

ఎటు తిరిగిందో తెలుసుకోవడం ఆయనకు కష్టమేమీ కాదు. ఒక్కో మైకూ మూసేసి విడిగా విన్నాడు. గిటారు మైకులో ఆమె లేదు. డ్రమ్ముల మైకులో ఎక్కడో దూరంగా ఉంది. ఫ్లూట్ మైకు తెరిచాడు. ఆమె గొంతు నిండుగా, ఎదురుగా నిలబడి మొహంలో మొహం పెట్టి పాడినంత దగ్గరగా వినిపించింది. పంక్తి చివర చిన్న నవ్వు కూడా ఉంది. ఆమె సొంత మైకులో ఆ నవ్వు పడనే లేదు. ఫ్లూట్ మైకుకు మాత్రమే అందింది.

ఆయన కాఫీ చల్లారిపోయింది.

ఫ్లూట్ వాయించేది ఒక మాస్టారు. పిల్లలకు సంగీతం చెబుతాడు, మెత్తగా మాట్లాడతాడు, పెళ్ళి చేసుకోలేదు. కొంతకాలంగా ఆమె ఎక్కడ పాడినా ఆయనే వాయిస్తున్నాడు. నలభై దాటినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ జుట్టు సంగతి పాముచెవులాయనకు అంతకుముందు ఎన్నడూ తోచలేదు. ఆ ఉదయం తోచింది. చెయ్యి దానంతటదే తన నున్నటి నడినెత్తి మీదికి పోయింది.

ఒకటి తోచాక మిగతావన్నీ వరస కట్టి వచ్చాయి. ఈమధ్య పిలిస్తే ఆమెకు ఉలుకూ పలుకూ ఉండదు. రెండుసార్లు పిలిస్తే గానీ తలెత్తదు. ఎత్తాక, ఏదో ఆలోచిస్తున్నానండీ అంటుంది. పెళ్ళయిన నాటి నుంచి మంచంలో ఒక పక్క పడుకునే మనిషి, ఉన్నట్టుండి గోడవైపుకు మారింది. ఎందుకని అడిగితే కిటికీ వెలుతురు కళ్ళలో పడుతోందంది. ఆ కిటికీకి తెర ఉంది. అప్పుడు ఏమీ అనిపించని ఈ మాటలన్నీ ఇప్పుడు వేరే అర్థం చెప్పసాగాయి.

మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే అక్క భోజనానికి పిలిచింది. తమ్ముడి మొహం మాడి ఉండటం చూసి పని ఎక్కువైందా అని అడిగింది. మాటల్లో మాటగా ఆయన సభ సంగతి ఎత్తాడు. అక్క ఆ రోజు ముందు వరసలో కూర్చుని విన్నది. పాట చాలా బాగుందని, ఫ్లూటుకూ గొంతుకూ ఎంత పొత్తు కుదిరిందో చెప్పలేనని, ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ అందుకుంటుంటే జనం కదలకుండా కూర్చున్నారని చెప్పింది. మాస్టారు తన కారులోనే మరదల్ని ఇంటి దగ్గర దింపి వెళ్ళాడని, ఈ రోజుల్లో అంత మర్యాద గల మనుషులు అరుదని కూడా చెప్పింది. ఆవిడ మనసులో ఏ మెలికా లేదు. ఆయన మాత్రం పెరుగన్నం వదిలేసి లేచాడు.

సాయంత్రం భార్య సాధన ముగించుకుని వచ్చింది. ఆ రోజు సభ ఎలా జరిగిందని ఆయన అడిగాడు. బాగానే జరిగిందని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళబోయింది.

"పాడేటప్పుడు మైకు వదిలేసి పక్కకు తిరుగుతున్నావు. ఎందుకు?"

ఆమె ఆగిపోయింది. ఒక్క క్షణం మొహంలో రంగు మారింది. అలవాటైపోయిందండీ, ఇకమీద చూసుకుంటాను అని నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ తడబాటు ఆయన కళ్ళ నుంచి తప్పించుకోలేదు. దొంగ దొరికినప్పుడు మొహం ఇలాగే ఉంటుంది అనుకున్నాడు. అడగదలచుకున్న రెండో మాట అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది.

మర్నాటి నుంచి ఆయన ఆ పాటల మీద కూర్చున్న తీరు ఎన్నడూ లేనిది. ప్రతి జారుడు దగ్గరా ఆగి వినేవాడు. ఫ్లూట్ మైకులో ఆమె ఊపిరి, ఆ వెంటనే మాస్టారి ఊపిరి, ఒక చోట ఎవరిదో చిన్న గొంతు సవరింపు. ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే తెలియదు. తన పెళ్ళాం గొంతు అంత ముద్దుగా, అంత నమ్మకంగా తనకు వినిపించి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. పరాయివాడి మైకు తెరిస్తే గానీ తన భార్య సరిగ్గా వినపడని గతి పట్టిందే అని ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో ఒక పని చేశాడు. ఎగుడుదిగుళ్ళు సరిచేయడమంటే ఏది పెంచాలో ఏది తగ్గించాలో తేల్చడమే కదా. ఆ అధికారం ఆయన చేతిలో ఉంది. మాస్టారి ఫ్లూట్‌ను మొదటి నుంచి చివరిదాకా తగ్గించేశాడు. తగ్గించి, రెండు చెవులకూ సమంగా రావలసిన దాన్ని ఎడమ చెవి మూలకు నెట్టేశాడు, విందుకు వచ్చిన అనవసరపు మనిషిని చివరి కుర్చీలో కూర్చోబెట్టినట్టు. ఆ మైకు తగ్గడంతో ఆమె గొంతులో నిండుదనమూ పోయింది. జారినచోట ఆమె మైకునే బలవంతంగా పైకి లేపితే గొంతుతో పాటు హాల్లో దగ్గులూ కుర్చీల కిరకిరలూ లేచాయి. పాట రేకు డబ్బాలో పాడినట్టు తయారైంది. ఇంకెవరైనా ఇలాంటి పని తెచ్చి చూపిస్తే ఆయన వాళ్ళ మొహం మీదే విసిరికొట్టేవాడు. ఇప్పుడు మాత్రం బాగానే ఉంది అనుకున్నాడు. అనుకుని, బాగాలేదని తెలిసే, అలాగే ఉంచాడు.

పంపేముందు ఒకసారి వింటానని ఆమే అడిగింది. కిందికి వచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన హెడ్‌ఫోన్లు అందించి, వెనక నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. ఫ్లూట్ తగ్గినందుకు ఆమె ఎంత నొచ్చుకుంటుందో చూడాలని ఆయన కోరిక. నొచ్చుకుంటే లోపల ఉన్నది బయటపడుతుంది.

మొదటి చరణం దాకా కళ్ళు మూసుకుని వింది. ఫ్లూట్ ఒక్కటే వాయించే చోటికి పాట వచ్చింది. ఆమె కళ్ళు తెరిచింది.

"ఫ్లూట్ తీసేశారేంటండీ?"

తీయలేదని, కాస్త తగ్గించానని ఆయన అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గిటారు ఒక్కటే మోగుతోందని, ఫ్లూట్ పక్కింట్లోంచి వస్తున్నట్టు ఏదో ఉందో లేదో అన్నట్టుందని చెప్పింది. ఆయనకు చిర్రెత్తింది. తగ్గించిన మాట నిజమే గానీ అంతగా తగ్గించలేదు. హెడ్‌ఫోన్లు తీసుకుని తను పెట్టుకుని విన్నాడు. ఫ్లూట్ ఉంది. ఎడమ చెవిలో స్పష్టంగా ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ ఆమెకు ఇచ్చాడు.

"ఇప్పుడు విను. ఫ్లూట్ ఒక్కటే ఉంచాను, ఎడమవైపు."

ఆమె వింది. వేళ్ళు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "ఆఁ, ఉందండీ," అంది చివరికి.

ఆయన చెయ్యి కాసేపటి క్రితమే పాటను ఆపేసింది. హెడ్‌ఫోన్లలో అప్పుడు ఏమీ మోగడం లేదు.

ఆయన పాటను మళ్ళీ పెట్టి, హెడ్‌ఫోన్లను ఆమె తల మీద అటుది ఇటు తిప్పి పెట్టాడు. ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమకు. ఫ్లూట్ మోగే చోటు రాగానే ఆమె మొహం విప్పారింది. మరుక్షణం తను పట్టుబడిపోయానని ఆమెకు తెలిసింది. హెడ్‌ఫోన్లు తీసి ఒడిలో పెట్టుకుని, తల వంచుకుంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక ఒక పొద్దున లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయి ఉంది. జలుబు వల్ల అనుకుంది. రెండు వారాలు గడిచినా తెరుచుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే, ముందే రావలసింది, ఇక ఆ చెవికి వినికిడి తిరిగి రాదు అన్నారు. పాడే మనిషికి పక్క వాద్యం వినపడకపోతే శ్రుతి ఎక్కడ పట్టుకోవాలి? మాస్టారు అప్పట్నుంచీ ఆమెకు కుడిపక్కన కూర్చుని, చరణానికి ముందు స్వరం అందించేవాడు. గ్రంథాలయం వాళ్ళు ఆ రోజు వేదిక చిన్నదని ఆయన్ను ఎడమపక్కన కూర్చోబెట్టారు. కుడిపక్క డ్రమ్ముల హోరు. ఆయన వాయించేది వినాలంటే మంచి చెవి ఆయనవైపు రావాలి. అందుకే ప్రతిసారీ మొహం పూర్తిగా అటు తిప్పింది. సరిగ్గా అందుకున్నానని తెలిసినప్పుడు ఒకసారి నవ్వు కూడా వచ్చింది.

ఇదంతా ఆమె నేల చూపులు చూస్తూ, ఏడవకుండా చెప్పింది. గోడవైపుకు ఎందుకు మారిందో కూడా చెప్పింది. పాత పక్కన పడుకుంటే ఆయన ఆమెకు ఎడమన ఉంటాడు. మీరు నిద్ర పట్టేలోపు ఏదైనా మాట్లాడితే వినపడాలని మారానండీ అంది.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్ని రోజులుగా పెంచుకున్న అనుమానం ఇంత తేలిగ్గా తీసిపారేయదగినదైతే సంతోషించాలి. కానీ ఆయన మనసు సంతోషం మీద నిలబడలేదు. ఇంకో చోటికి పోయి ఆగింది.

"మాస్టారికి తెలుసా?"

"తెలుసు."

"ఆయనకు చెప్పావు. నాకు చెప్పలేదు."

"ఆయనకూ నేను చెప్పలేదు," అందామె. "ఆయనే కనిపెట్టారు."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. చెప్పి ఉంటే బాగుండేది. చెబితే ఎవరైనా వింటారు. ఒక సాధనలో ఆమె రెండుసార్లు తప్పు చోట అందుకుందట. మాస్టారు ఏమీ అనకుండా కుర్చీ ఎత్తుకుని కుడిపక్కకు వచ్చి కూర్చున్నాడట. అప్పుడు సరిగ్గా అందుకుందట. అందరూ వెళ్ళాక నెమ్మదిగా, ఎడమ చెవి ఏమైంది మేడంగారూ అని అడిగాడట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. ఊరంతా పాముచెవులని పేరు పెట్టిన మనిషి, అదే మంచంలో, అదే భోజనాల బల్ల దగ్గర, నెలల తరబడి ఉండీ పట్టుకోలేని దాన్ని పరాయి మనిషి ఒక్క సాయంత్రంలో పట్టుకున్నాడు.

మరి నాకెందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. ఆమె హెడ్‌ఫోన్లను బల్ల మీద పెట్టింది.

"ఈ గదిలో కూర్చుని మీరు అందరి గొంతులూ చీల్చి చూస్తారు. ఎవరికి శ్రుతి పోతోంది, ఎవరికి వయసు మీద పడింది, ఎవర్ని ఇక పిలవక్కర్లేదు అని. మీ పని అది, తప్పనను. నా పాట ఒక్కటే మీరు ఊరికే వినేవారు. చెబితే అప్పట్నుంచి నాదీ తప్పుల కోసమే వింటారని భయం వేసింది."

ఆమె పైకి వెళ్ళిపోయింది.

కార్యదర్శికి ఫోను చేసి, ఇంకొంచెం పని మిగిలింది, ఆగమని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే అన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇక్కడొక చిక్కు ఎదురైంది. ఆమె గొంతు జారిన చోటల్లా అసలైన గొంతు ఫ్లూట్ మైకులోనే ఉంది. దాన్ని పైకి తెస్తే మాస్టారి ఫ్లూట్ కూడా పైకి వస్తుంది. ఇద్దరినీ విడదీసే ఉపాయం ఏదీ లేదు. ఆమె నిండుగా వినపడాలంటే ఆయనా నిండుగా వినపడాలి. ఆ మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పళ్ళు నూరుకుంటూనే పైకి జరిపాడు.

పాట లేచి నిలబడింది. రేకు డబ్బా మోత పోయి, కొత్త భవనంలో పెద్ద హాలు, అందులో కదలకుండా కూర్చున్న మనుషులు, వాళ్ళ మధ్య ఆమె గొంతు, దానికి భుజం ఇచ్చినట్టు ఫ్లూట్ అన్నీ కళ్ళకు కట్టాయి. ఏ స్వరం ముందు మాస్టారు ఎంతసేపు ఆగాడో, ఆమె అందుకున్నాక ఎలా పక్కకు తప్పుకున్నాడో ఇప్పుడు తెలుస్తోంది. ఎక్కడా తన గొప్ప చూపించుకోలేదు. దొంగచాటు చూపు గల మనిషి అలా వాయించడు. అది ఆయన చెవులకు తెలుసు. మంచివాడని తెలిశాక అసూయ తగ్గాలి. ఆయనకు ఇంకాస్త పెరిగింది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఆ వారమే ఆమెకు చెవి పరీక్ష ఉంది. ఈసారి నేనొస్తానని ఆయన అన్నాడు. గాజు తలుపు గదిలో ఆమెను కూర్చోబెట్టి, చెవుల్లో సన్నటి మోతలు వినిపిస్తూ, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడి చెవికి గబగబా నొక్కింది. ఎడమ చెవికి వచ్చేసరికి చెయ్యి కదలకుండా ఉండిపోయింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి, ఇలా మోత పెంచుతూ పోతున్నారని తెరమీద గీతలో కనిపిస్తోంది. ఆమె మాత్రం మీట మీద బొటనవేలు ఆనించి, వాళ్ళు ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తోంది. అద్దం ఇవతల ఆయన ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. అన్నేళ్ళుగా మోతల హెచ్చుతగ్గులు చూసిన మనిషే గానీ, ఎంత హెచ్చించినా చేరని చోటు ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

పరీక్ష చేసినావిడ బయటికి వచ్చి, ఆమెను చూసి నవ్వుతూ, "ఈసారి మీవారు రాలేదా? పోయినసారి పాపం చాలా కంగారుపడ్డారు," అంది. తర్వాత ఆయనవైపు తిరిగి, "మీరు వీరి అన్నగారా?" అని అడిగింది.

"వీరే మావారు," అంది ఆమె.

పరీక్ష చేసినావిడ నాలుక కరుచుకుంది. ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇద్దరూ బయటికి వచ్చి నడిచారు. రోడ్డు పక్క తాళాల దుకాణం, చెప్పుల దుకాణం, మూసి ఉన్న సినిమా హాలు దాటిపోయాయి. ఆయన ఆమెకు కుడిపక్కకు మారాడు.

"అంత కంగారుపడ్డాడా ఆయన?"

"పడ్డారు."

"నువ్వో?"

"ఏడ్చాను."

"ఆయన ముందే?"

"ఆయనే కదండీ ఉన్నది," అంది.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయనకు మాత్రం ఆ దృశ్యం కళ్ళముందు నిలబడిపోయింది. తను చూడని ఏడుపు, పక్కన పరాయి మనిషి, అతని చేతిలో బహుశా మంచినీళ్ళ గ్లాసు. పాటలోని నవ్వు విని తను పడ్డ అసూయ దీని ముందు ఎంత.

"నాకు కుళ్ళుగా ఉంది," అన్నాడు. ఇంతకాలం దాచుకున్న మాట అంత మామూలుగా నోటి నుంచి వచ్చేసినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది. "నీ పాటలో నువ్వు ఆయనవైపు తిరిగావని తెలిసిన రోజు నుంచీ. ముందు ఒకందుకు, ఇప్పుడు ఇంకొకందుకు. ఆయన ఫ్లూట్ తగ్గించింది కూడా కావాలనే."

ఆమె నడక ఆపి ఆయన మొహంలోకి చూసింది. కోపగించుకుంటుందని ఆయన అనుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది కూడా. నా గొంతు కూడా పాడుచేసి పెట్టారు కదా దాంతోపాటు అని అడిగింది. అవునన్నాడు. నన్ను అనుమానించారా అని అడిగింది. దానికీ అవునన్నాడు. ఆమె చాలా దూరం ముందుకు నడిచి, బస్టాపు దగ్గర ఆగి, ఆయన వచ్చేదాకా నిలబడింది.

"అనుమానం వచ్చినవాళ్ళు అడగాలి. అలా మీటలు జరుపుకుంటూ కూర్చోరు," అంది.

"అడుగుతాను. నువ్వు మాత్రం ఇకమీద ఏడవాల్సి వస్తే ఇంటికొచ్చి ఏడువు."

ఆమె మొహం ముడుచుకునే ఉంది గానీ, బస్సు వచ్చి ఎక్కాక, కిటికీ పక్క సీటు వదిలేసి ఆయనకు ఎడమన కూర్చుంది.

కొత్తగా సరిచేసిన పాటలు గ్రంథాలయానికి వెళ్ళాయి. అక్క పదిమందికి వినిపించి, తమ్ముడి పనితనం అని చెప్పుకుంది. మాస్టారు ఫోను చేసి, ఫ్లూట్ ఇంత బాగా ఎవరూ ఎప్పుడూ వినిపించలేదండీ అన్నాడు. ఈయన ముక్తసరిగా సంతోషం అని పెట్టేశాడు. అసలు జరిగింది మాస్టారికి చెప్పాలని ఆమె అనలేదు, ఈయన చెప్పనూ లేదు.

చెవి సంగతి మాత్రం ఆమె దాచడం మానేసింది. ఇద్దరు నిర్వాహకులు పిలవడం మానుకున్నారు. మిగతావాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. తర్వాతి సభ ఒక బడి ఆవరణలో పెట్టారు. ఆ రోజు ఆయన ఇంకే పనీ ఒప్పుకోలేదు. మధ్యాహ్నమే వెళ్ళి వేదిక మీద వైర్లు పరిచాడు, డ్రమ్ములను వెనక్కి జరిపించాడు, ఆమె పాదాల దగ్గర కుడిచెవికి తగిలేలా చిన్న స్పీకరు పెట్టాడు. మాస్టారి కుర్చీ తనే మోసుకొచ్చి ఆమెకు కుడిపక్కన వేశాడు. వేసి, కాస్త చూసి, ఒక మూరెడు అవతలికి జరిపాడు. దాని ముందు మైకు బిగించి, కింద తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

జనం నిండారు. ఆమె వచ్చి నిలబడింది. మాస్టారు వచ్చి కూర్చుని, ఫ్లూట్ ఒళ్ళో పెట్టుకుని, ఆమెవైపు చూసి, కుర్చీని అడుగున పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. ఇందాక ఈయన జరిపినదాని కన్నా ఎక్కువే లాక్కున్నాడు. మైకు దూరమైపోయింది.

పాముచెవులాయన లేచాడు. జనం మధ్య నుంచి వేదిక ఎక్కాడు. పక్కన నిలబడిన ఆమె చూస్తోంది. మాస్టారు ఏదైనా తప్పు చేశానా అన్నట్టు తలెత్తి చూశాడు. ఆయన వంగి, మైకు కాలు ఎత్తి, కుర్చీ ఇప్పుడున్న చోటికి తెచ్చి నిలబెట్టి, మర బిగించాడు.

"ఇక్కడైతే ఆవిడకు బాగా వినపడుతుందా?" అని అడిగాడు.

"వినపడుతుందండీ," అన్నాడు మాస్టారు.

"సరే, అయితే ఇక్కడే ఉండండి," అని చెప్పి ఆయన మెట్లు దిగాడు.